సగం మూత చేదు

“మందు పరీక్ష ఉంటుందమ్మా. ఒప్పుకుంటారా?” అని డాక్టరమ్మ అడిగినప్పుడు ఆ తల్లి తన పిల్ల పాదాలు రుద్దుతోంది. ఒళ్ళంతా పెనంలా కాలుతోంది, పాదాలు మాత్రం చల్లగా ఉన్నాయి. మందు అన్న మాట ఆమె చెవిన పడింది, పరీక్ష అన్న మాటా పడింది. రెండూ విడివిడిగా పడ్డాయి. మందు ఇస్తారు, రక్తం పరీక్ష చేస్తారు. ఇందులో వద్దనడానికేముంది?

“చెయ్యండి మేడమ్. పరీక్ష చెయ్యకపోతే రోగం సంగతి ఎలా తెలుస్తుంది?”

డాక్టరమ్మ చేతిలో ఫోను ఆమె నోటి దగ్గరకి జరిపింది. కాగితాలు, పెన్నులు చేతులు మారితే జబ్బు అంటుకుంటుందని ఆ వార్డులో సంతకాలు మానేశారు. నోటితో చెబితే చాలు. “నాకు అర్థమైంది, ఒప్పుకుంటున్నాను అని ఇందులో చెప్పండి.”

“నాకు అర్థమైంది. ఒప్పుకుంటున్నాను,” అంది, బళ్ళో పాఠం అప్పజెప్పినట్టు.

డాక్టరమ్మ వెంటనే కదల్లేదు. ఇంకేదో చెప్పబోయినట్టు మాస్కు కింద పెదాలు కదిలాయి. ఇంతలో పక్క మంచం మీద పిల్లాడు వాంతి చేసుకున్నాడు. ఆవిడ అటు పరిగెత్తింది. చెప్పబోయిన మాట అక్కడే ఉండిపోయింది.

అది ఆసుపత్రి కాదు, పిల్లల బడి. జ్వరం వీధి తర్వాత వీధిని చుట్టేస్తుంటే, బల్లలన్నీ వరండాలో ఒకదాని మీద ఒకటి ఎక్కించి, తరగతి గదుల్లో మంచాలు వేశారు. నల్లబల్ల మీద ఏడో ఎక్కం ఇంకా చెరిగిపోలేదు. ఆ జ్వరానికి మందు ఇదీ అని ఎవరికీ తెలియదు. సెలైను పెట్టడం, ఒళ్ళు తుడవడం, కనిపెట్టుకుని కూర్చోవడం. ఎవరైనా పోతే చక్రాల మంచం వచ్చేది. దానికి ఒక చక్రం కీచుమంటుంది. ఆ చప్పుడు వరండాలో మొదలైతే తల్లులందరూ మాటలాపి, అది ఏ గుమ్మం ముందు ఆగుతుందా అని వినేవాళ్ళు.

కీడెంచి మేలెంచమన్నారు. ఆమె కీడెంచడం దగ్గరే ఆగిపోయే మనిషి. ఇంట్లో స్కూలు యూనిఫారాలు కుడుతుంది. “నీకు కొత్త చొక్కా ఇచ్చినా ముందు చిరుగెక్కడుందా అని చూస్తావు,” అంటాడు భర్త. ఆయన చిన్నవాడితో గేటు బయటే ఉండిపోయాడు, లోపలికి ఒక్కరినే రానిస్తారు. పిల్ల దగ్గితే ఆమెకి తన గుండె ఆగినట్టుంటుంది. పిల్ల దగ్గకపోతే ఎందుకు దగ్గడం లేదని లేచి చూస్తుంది. చేతులు ఖాళీగా ఉంటే పిచ్చెక్కుతుందని సిస్టరు దగ్గర చిరిగిన దుప్పట్లు అడిగి తెచ్చుకుంది. మంచం పక్క స్టూలు మీద కూర్చుని అంచులు మడిచి కుడుతూ, నాలుగు కుట్లకోసారి తలెత్తి పిల్ల ఛాతీ లేస్తోందా లేదా అని చూసుకుంటూ ఉంటుంది.

పిల్లని అందరూ పిచ్చుక అంటారు. తిండి అలాగే తింటుంది, మాటలూ అలాగే. జ్వరంలో కూడా నోరు ఊరుకోదు. పక్క మంచం మీద గుండుగాడు. వాడి తల్లికి టైర్ల షాపు. భారీ మనిషి, ఆవిడ గొంతు గుసగుసలాడినా నాలుగు మంచాలకి వినబడుతుంది. అరచేతుల గీతల్లో రబ్బరు నలుపు ఎన్ని సబ్బులకీ వదల్లేదు.

మందు వచ్చింది. గోధుమరంగు సీసాలు, అన్నీ ఒకేలా. ఒక్కో సీసాకి ఒక్కో నంబరు. పొద్దున ఒక మూత, సాయంత్రం ఒక మూత. సిస్టరు మూతలు నింపి తల్లుల చేతికిచ్చి, “నేను చూస్తుండగానే తాగించాలి,” అని గట్టిగా చెప్పి, వెంటనే సెలైను మార్చడానికి అటు తిరిగిపోయేది. ఒక్క మనిషికి అన్ని మంచాలు.

“ఛీ! విషంలా ఉంది,” అన్నాడు గుండుగాడు నాలుక బయటపెట్టి.

“నాది పంచదార నీళ్ళలా ఉంది,” అంది పిచ్చుక.

“కోతలు కొయ్యకు. తియ్యటి మందు ఎక్కడైనా ఉంటుందా?”

“కావాలంటే నాకి చూడు.”

“నీ ఎంగిలి నాకేం ఖర్మ!”

తల్లులిద్దరూ నవ్వారు. నవ్వుతూనే ఆమె పిల్ల మూతలో చిటికెన వేలు ముంచి నోట్లో పెట్టుకుంది. తీపి. గుండుగాడి మూత అడుగున మిగిలిన చుక్క అద్దుకుని చూసింది. నాలుక ముడుచుకుపోయింది. ఆ చేదు గొంతు దిగకముందే ఆమె నవ్వు ఆగిపోయింది.

డాక్టరమ్మ వరండాలో బల్లల గుట్ట పక్కన నిలబడి, మాస్కు గడ్డం కిందకి లాక్కుని బిస్కెట్టు తింటోంది. కళ్ళ కింద నల్లగా వాచి ఉంది. పెద్ద వయసేం లేదు. ఈమెని చూడగానే మాస్కు పైకి లాక్కుంది.

“మేడమ్, మా పిల్ల మందు తియ్యగా ఉంది. పక్కవాడిది చేదుగా ఉంది. ఎందుకని?”

డాక్టరమ్మ మొహం మారింది. “రుచి ఒకేలా ఉండాలి,” అంది తనలో తాను అనుకున్నట్టు. “టైము లేకపోయింది.” తర్వాత ఈమెకేసి తిరిగింది. “మందు పరీక్ష అని చెప్పాను కదమ్మా. అంటే మీ పాపకి పరీక్ష కాదు, మందుకే పరీక్ష. అది పనిచేస్తుందో లేదో తేలాలంటే కొందరికి అసలు మందు ఇవ్వాలి, కొందరికి అలాగే కనపడే ఉత్తది ఇవ్వాలి. ఎవరికి ఏది అన్నది చీటీ తీసినట్టు కంప్యూటరు తీస్తుంది. నాకూ తెలియదు. తెలియకూడదు.”

“ఉత్తదంటే?”

“పంచదార పాకం. రంగు కలిపి.”

“మా పిల్లకి పంచదార పాకం పోస్తున్నారా?”

“ఎవరిది ఏదో నాకు తెలియదన్నాను కదా. మిగతా వైద్యం అందరికీ ఒకటే.”

“తెలియనిది మీకేనమ్మా. పిల్లల నాలుకలకి తెలిసిపోయింది.”

డాక్టరమ్మ చేతిలో మిగిలిన బిస్కెట్టు ముక్కకేసి చూసుకుంది. “ఇష్టం లేకపోతే మానెయ్యొచ్చు. ఎప్పుడైనా సరే.”

“మరి మంచం?”

“ఏం మంచం?”

“మానేస్తే మంచం తీసేసుకుంటారా?”

“అయ్యో, అలా ఎవరన్నారు?”

ఎవరూ అనలేదు. మంచం ఉంచుతామని కూడా ఇంతవరకు ఎవరూ అనలేదు. గేటు బయట పిల్లల్ని భుజాన వేసుకుని నిలబడ్డవాళ్ళ వరుస వరండాలోకి కనబడుతోంది. అంతమంది కాచుకుని ఉండగా, మాట వినని వాళ్ళకి మంచం ఉంచుతారా? ఆమె నమ్మలేదు. “వద్దులెండి, ఉండనివ్వండి,” అని వెనక్కి వచ్చేసింది.

టైర్ల షాపామెకి చెబుతుంటే పిచ్చుక వినేసింది.

“మందుకి పరీక్షా? తప్పితే మళ్ళీ రాస్తుందా?” అంది. ఎవరూ నవ్వకపోయేసరికి కాసేపు పైకప్పుకేసి చూసి, “అయితే నేను ఆటలో అరటిపండునా అమ్మా?” అని అడిగింది.

వీధిలో పెద్దపిల్లలు ఆడుకుంటుంటే ఏడ్చే చిన్నదాన్ని ఊరుకోబెట్టడానికి కలుపుకుంటారే, అది. పరిగెడుతూనే ఉంటుంది పాపం. అవుటైనా అవుటు కాదు, ముట్టుకున్నా లెక్క కాదు. నిన్నటిదాకా పిచ్చుకే తమ్ముణ్ణి అలా కలుపుకునేది.

టైర్ల షాపామె మంచం పట్టీ మీద నుంచి లేచింది. “ఏయ్, లే. ఆ స్టీలు గ్లాసు ఇలా తే.”

“ఎందుకక్కా?”

“సాయంత్రం మూతలొస్తాయి కదా. రెండూ అందులో పోసి కలుపుదాం. సగం నీ దానికి, సగం మావాడికి.”

“మీవాడికి తగ్గిపోదూ?”

“తగ్గితే తగ్గనీ. వీడొక్కడూ లేచి కూర్చుంటే ఎవరితో పోట్లాడతాడే? ఇంకా నయం, మీ పిచ్చుక నోటి దెబ్బకే వాడు కళ్ళు తెరిచి ఉంటున్నాడు.”

ఆమె వద్దనాలి. వద్దనడానికి నోరు తెరిచింది కూడా. “నీ రుణం ఎలా తీర్చుకోనక్కా,” అన్న మాటే బయటకి వచ్చింది.

ఆ గదిలో ఏదైనా దాగుతుందా? మర్నాటికి ప్రతి చేదు సీసా తల్లి పక్కనా ఒక తీపి సీసా తల్లి ఉంది. ఒకరు గ్లాసులో, ఒకరు సీసా మూతలో, మూల మంచం బాలింత పాలగిన్నెలో కలుపుకుంటున్నారు. అందరూ తోటికోడళ్ళలా నవ్వుకుంటున్నారు. సిస్టరు ఇటు తిరిగేసరికి పిల్లలందరూ ఒకేలా మొహాలు చిట్లిస్తున్నారు.

*

కొన్ని రోజులకి పిచ్చుకకి జ్వరం దిగింది. పూర్తిగా కాదు, ఒళ్ళు పట్టుకుంటే చెయ్యి కాలకుండా ఉండేంత. ఆకలి అంది. ఆమెకి ఏడుపొచ్చింది. సగం మూత చేదుకే ఇంత గుణమా అనుకుంది. చీటీలో తన పిల్ల పేరు తీపి వైపు పడేసిన ఆ కంప్యూటరుని తిట్టుకుంది. టైర్ల షాపామె చేతులు పట్టుకుని కళ్ళకద్దుకోబోతే, “ఛ, మళ్ళీ చేతులు కడుక్కోవాలి,” అని విదిలించుకుంది ఆవిడ.

కానీ ఆమె బుద్ధి ఊరుకోదు కదా. పిల్ల కోలుకుంటుంటే ఏదో ఒకటి కాచుకుని ఉంటుందన్న భయం ఇంకా పెరిగింది. కుట్టు ఆపి ఇటు చూసేది, అటు చూసేది. అలా చూస్తుండగానే గుండుగాడి కళ్ళ మీద ఆమె చూపు ఆగింది.

పొద్దుటి వెలుతురు సూటిగా వాడి మొహం మీద పడుతోంది. యూనిఫారం బట్టలో తెలుపు రకరకాలుగా ఉంటుంది. ఎన్నాళ్ళో మడతలో ఉండిపోయిన తాను విప్పితే మడతల దగ్గర తెలుపు తెలుపులా ఉండదు. వాడి కళ్ళు అలా ఉన్నాయి.

“అక్కా, వీడి కళ్ళు చూడు.”

“ఏమైందే? నిద్ర చాలలేదేమో.”

“కాదక్కా. పచ్చగా ఉన్నాయి.”

“నీకన్నీ అలాగే కనబడతాయి,” అంది టైర్ల షాపామె. కానీ గొంతు మొదటిసారి గుసగుసలా వచ్చింది. వాడు రాత్రి నుంచి ఏదీ ముట్టడం లేదు. పిచ్చుక ఎంత రెచ్చగొట్టినా బదులు పలకడం లేదు.

మధ్యాహ్నానికి ఇంకో ఇద్దరు పిల్లల కళ్ళలోనూ ఆ పచ్చదనం కనబడింది. వార్డు చూసే పెద్దాయన, రిటైరయ్యాక మళ్ళీ పిలిపించిన డాక్టరు, పిల్లల పొట్ట మీద కుడిపక్కన వేళ్ళు నొక్కి చూసి వెళ్ళాడు. సాయంత్రం డాక్టరమ్మ వచ్చి గది మధ్యలో నిలబడింది.

“పై నుంచి చీటీలు విప్పారు. ఏ సీసాలో మందుందో ఇప్పుడు తెలిసింది. ఆ మందు కొందరు పిల్లల కాలేయానికి పడటం లేదు. ఆ సీసాలు ఆపేస్తున్నాం. అవి తాగిన పిల్లలకి రోజూ రక్తం తీసి చూస్తాం, ముదరకుండా చూసుకోవచ్చు.” ఆవిడ నంబర్లు చదివింది. అన్నీ చేదు సీసాలే. “మిగతా పిల్లల తల్లులకి ఏ భయమూ లేదు. వాళ్ళకి పాకం తప్ప ఏమీ వెళ్ళలేదు. వాళ్ళకి రక్తం పరీక్షలూ అక్కర్లేదు.”

తీపి సీసాల తల్లులు కళ్ళు దించుకున్నారు. దొంగకి తేలు కుట్టినట్టుంది. అరిస్తే దొరికిపోతారు, అరవకపోతే విషం ఎక్కుతుంది. మూల మంచం బాలింత పాలగిన్నెని మెల్లిగా కాలితో మంచం కిందకి నెట్టింది.

గుండుగాణ్ణి పక్క గదిలోకి మార్చారు. వెళ్ళేముందు టైర్ల షాపామె వంగి పిచ్చుక తల నిమిరింది. “నేనే పోశానే,” అంది ఆమెతో. “నా చేత్తో నేనే పోశాను నీ పిల్లకి.” చీదుకుంటూ కొడుకు వెనక వెళ్ళిపోయింది.

*

ఆ సాయంత్రమే ఆమె వెళ్ళేసరికి, బడి హెడ్మాస్టరు గదిలో డాక్టరమ్మ బల్ల మీద తల వాల్చుకుని ఉంది. చప్పుడుకి ఉలిక్కిపడి లేచింది.

“మా పిల్ల చేదు మందు తాగింది మేడమ్,” అంది ఆమె, కూర్చోమని చెప్పకముందే. “సగం సగం. మొదటి సాయంత్రం తప్ప… కాదు, మొదటి సాయంత్రం నుంచే. గుండుగాడి మూతలోది.”

డాక్టరమ్మకి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక వెళ్ళి తలుపు మూసింది.

“మీ పాప ఒక్కతేనా?”

ఆమె జవాబు చెప్పలేదు. డాక్టరమ్మకి అదే జవాబైంది. కుర్చీలో కూలబడి రెండు చేతులతో మొహం రుద్దుకుంది.

“ఎంత పని చేశారమ్మా. ఎందుకు చేశారు?”

“మీరు ఫోనులో అర్థమైందని చెప్పించుకున్నారు కదా మేడమ్. మాకు అర్థమయ్యాక చేశాం.”

ఆ మాట తన నోటి నుంచి వచ్చిందా అని ఆమెకే బెదురు పుట్టింది. డాక్టరమ్మకి కోపం రాలేదు. కోపం వచ్చినా బాగుండేది. బయటకి వెళ్ళి పిచ్చుకని ఆవిడే ఎత్తుకుని తీసుకొచ్చింది. తనే మోచేతి పైన రబ్బరు పట్టీ కట్టి, నరం వెతికి, ఒక్క పోటుతో రక్తం తీసింది. పిల్ల కిక్కురుమనలేదు. రక్తం నింపిన గొట్టం మూత బిగించి తెల్లకోటు జేబులో వేసుకుంది.

“దీన్ని నేను చూసుకుంటాను. రోజూ తీస్తాను. ఏ మాత్రం తేడా ఉన్నా పెద్దాసుపత్రికి నేనే పంపిస్తాను, నా బండిలో. మీ పాపకి ఏమీ కానివ్వను.” ఆగింది. “కానీ ఈ సంగతి ఈ గది దాటకూడదు.”

“ఎందుకని?”

“ఈ వార్డు లెక్క చెడిపోయిందని తెలిస్తే మొత్తం పరిశోధనే కొట్టేస్తారు. ఇంకో మూడు చోట్ల పిల్లలు సగంలో ఉన్నారు. మోతాదు తగ్గిస్తే పనికొచ్చే మందే ఇది, నాకు నమ్మకం ఉంది. ఈ జ్వరం ఇక్కడితో ఆగదమ్మా. రేపు ఇంకో ఊరు వెళ్తుంది. అక్కడి పిల్లలకి ఇవ్వడానికి మన చేతిలో ఏముంటుంది? మళ్ళీ ఇవే సెలైన్లు.”

“మిగతా తీపి సీసాల పిల్లల్ని కూడా చూస్తారా?”

“వాళ్ళ తల్లులొచ్చి అడిగితే చూస్తాను.”

“అడగరు మేడమ్. మంచం పోతుందని భయం.”

డాక్టరమ్మ బల్ల మీది కలాన్ని ఒకసారి ఇటు, ఒకసారి అటు తిప్పింది. ఆవిడ చెడ్డ మనిషి కాదు. ఇంటికి కూడా వెళ్ళకుండా పిల్లల వాంతులు ఎత్తిపోసిన మనిషి. అందుకే ఆమెకి ఇంకా ఎక్కువ భయం వేసింది. చెడ్డవాళ్ళయితే తప్పుకుని తిరగొచ్చు.

“మీరు ఇంత చేస్తున్నారు. మీ మాట కాదంటానా?” అంది. పిల్లని భుజాన వేసుకుని బయటకి వచ్చింది.

వరండా దాటేదాకా ఆమె మనసులో ఒకటే లెక్క. నా పిల్ల గట్టెక్కింది. నేను ఎవరినీ తాగించమనలేదు. వాళ్ళకీ నోళ్ళున్నాయి, వాళ్ళే అడుగుతారు. రేపు అడుగుతారు. లేదా వాళ్ళ పిల్లలకి ఏమీ కాదు. సగమే కదా తాగారు. ప్రతిదానికీ కీడెంచే నేను ఈ ఒక్కసారి మేలెంచితే ఏం పోయింది? పిచ్చుక ఆమె మెడలో మొహం దూర్చి, “మనకొక్కరికే చేశారేంటమ్మా?” అంది. “మాట్లాడకు,” అంది తల్లి.

గదిలో పెద్దాయన మంచం మంచానికీ తిరుగుతున్నాడు. వెనక సిస్టరు. మూల మంచం దగ్గర ఆగి, “వీడెలా ఉన్నాడు?” అన్నాడు.

“బాగున్నాడండీ,” అంది బాలింత. చెంచాతో పాలు పడుతోంది. పిల్లవాడు నోరు తెరవడం లేదు. చెంచా పెదాలకి తగిలి పాలు గడ్డం మీదుగా కారుతున్నాయి. ఆమె తుడిచి, మళ్ళీ నింపి, మళ్ళీ పెడుతోంది. “నిద్రమత్తు,” అంది ఎవరూ అడగకపోయినా.

“సీసా?”

“తీపి… పాకం సీసా అండీ.”

“అయితే మంచిది.” పెద్దాయన కదిలాడు.

గుండుగాడు కూడా నిన్న రాత్రి ఇలాగే మూతి ముడిచాడు.

“తాగాడండీ,” అంది పిచ్చుక తల్లి.

పెద్దాయన వెనక్కి తిరిగాడు. ఆమె పిల్లని దించకుండానే మంచం కమ్మీ పట్టుకుంది.

“ఏమిటమ్మా?”

“వాడూ చేదు మందు తాగాడు. పాకం సీసాల పిల్లలందరూ తాగారు. మేం కలుపుకున్నామండీ. అందరం కలుపుకుని సగం సగం పోశాం. మా పిల్లకి కూడా. ఈ గదిలో ఉత్తి పాకం తాగిన పిల్ల ఒక్కతీ లేదు.”

బాలింత చెంచా పడేసి బావురుమంది. కిటికీ పక్క మంచం ఆమె లేచి నిలబడింది. “అమ్మో, ఎంత నంగనాచివే! నీ పిల్లకి దొంగతనంగా రక్తం తీయించుకొచ్చి ఇప్పుడు మా బండారం బయటపెడతావా? చూడండి సార్, దాని చేతికి దూది ఉంది!”

పిచ్చుక దూది ఉన్న చేతిని తల్లి చెంగు కింద దాచుకుంది. కాదనడానికేముంది, నిజమే.

“సిస్టర్,” అన్నాడు పెద్దాయన. ఆయన గొంతు పెద్దగా లేవలేదు. “గొట్టాలు తీసుకురా. అన్ని మంచాలకీ.” తర్వాత గుమ్మం వైపు చూశాడు.

గుమ్మంలో డాక్టరమ్మ నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో, ఎంత విన్నదో తెలియదు. ఆమెకేసి చూసింది. ఆ చూపులో తిట్టు ఉందో ఇంకేముందో మాస్కు వల్ల తెలియలేదు. ఆవిడ నెమ్మదిగా లోపలికి వచ్చి, జేబులోంచి పిచ్చుక రక్తం గొట్టం తీసి, సిస్టరు పళ్ళెంలో మిగతా ఖాళీ గొట్టాల పక్కన పెట్టింది. చేతులకి కొత్త తొడుగులు వేసుకుని మూల మంచం పిల్లవాడి చెయ్యి పట్టుకుంది. వాడు ఏడవలేదు. సూది దిగినా ఏడవలేదు. అది చూసి బాలింత ఇంకా గట్టిగా ఏడ్చింది.

ఒకరి తర్వాత ఒకరు తల్లులు పిల్లల చొక్కా చేతులు పైకి మడిచారు. కిటికీ పక్క ఆమె కూడా ఇటు చూడకుండా మడిచింది. పిచ్చుక తల్లి స్టూలు మీద కూర్చుని పిల్లని ఒళ్ళోకి తీసుకుంది. చుబుకం పట్టి మొహం తన వైపు తిప్పుకుంది. సాయంత్రం గదిలో దీపాలు వేశారు, వాటి వెలుగులో అన్నీ పచ్చగానే ఉన్నాయి. గోడ, దుప్పటి, తన చేతులు. పిల్ల కళ్ళు తెల్లగానే ఉన్నాయనిపించింది. తెల్లవారాక వెలుతురులో చూస్తే గాని తెలియదు.

“ఏం చూస్తున్నావమ్మా?” అంది పిచ్చుక.

“ఏమీ లేదు. పడుకో.”

పిల్ల కళ్ళు మూసుకోబోయింది.

“ఉండు,” అంది తల్లి. “ఇంకొక్కసారి చూడనీ.”